జానెడు ఎత్తు నుంచి

నేను పడింది జానెడు ఎత్తు నుంచి. దెబ్బ తగల్లేదు. ప్యాంటుకు వెనక మట్టి అంటుకుంది, అంతే. అయినా ఆ పడటం నుంచి ఇంకా తేరుకోలేదు. పని మధ్యలో, అన్నం ముందు కూర్చున్నప్పుడు, బస్సులో నిలబడి ఉన్నప్పుడు, నడుము దగ్గర బిగువు ఒక్కసారిగా మాయమైన ఆ క్షణం మళ్లీ వస్తుంది. చేయి దానంతటదే పక్కనున్నదాన్ని పట్టుకుంటుంది. పక్కవాళ్లు ఏమైందని అడుగుతారు. ఏమీ లేదంటాను.

ఎలా పడ్డానో చెప్పాలంటే ముందు ఆ క్వారీ గురించి చెప్పాలి.

హత్నూర వైపు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా, పాడుబడిన రాతి క్వారీ ఒకటి ఉంది. కంకర కోసం తవ్వినన్నాళ్లు తవ్వి వదిలేసి పోయారు. గుట్టలో సగం లారీలెక్కి వెళ్లిపోయింది. మిగిలిన సగం కోసిన జున్నుముక్కలా నిలువుగా నిలబడి ఉంది. నలభై అడుగుల పైచిలుకు నల్లరాతి గోడ. మందు పెట్టి పేల్చడానికి డ్రిల్లు వేసిన రంధ్రాలు సగానికి చీలి, పైనుంచి కిందిదాకా నిలువు గాట్లుగా మిగిలాయి. ఒక మూల గుంతలో పచ్చని నీళ్లు. ఒకప్పుడు లారీల కాటా ఉన్నచోట తుమ్మచెట్లు. గోడకు కాస్త దూరంగా రేకుల కప్పుతో, సున్నం వేసిన గోడలతో ఒక ఆఫీసు గది. తలుపు మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఈ క్వారీని కనిపెట్టింది మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు. కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. హైదరాబాదులో బండలెక్కే ఒక గుంపుతో వాడికి పరిచయమైంది. ఆదివారాలు వాళ్ల వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. తర్వాత మనకే ఒక గోడ ఉండగా అంత దూరం ఎందుకని ఇక్కడికి మారాడు. వాడికి తోడు అదే ఫ్యాక్టరీలో పనిచేసే పటాన్‌చెరు స్నేహితుడు ఒకతను. అందరం అతన్ని భాయ్ అంటాం. అతను నన్ను బావసాబ్ అంటాడు. స్నేహితుడి బావ కాబట్టి బావ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి సాబ్.

వీళ్ల ఫోటోలు చూసి మా అమ్మాయి తానూ ఎక్కుతానంది. డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఏదన్నా పట్టుకుంటే వదలని మనిషి. నా భార్య వద్దంటే వద్దంది. రెండు వారాలు ఇంట్లో ఇదే గొడవ. చివరికి ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టారు.

నన్నే ఎందుకంటే, నా పని బరువులతో. పటాన్‌చెరులో ఇనుప ట్యాంకులు, పెద్ద పైపులు తయారుచేసే షెడ్డులో క్రేనుకు బరువులు కట్టించేది నేనే. చదివింది పదో తరగతి. లెక్క మాత్రం పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను. ప్లేటు పొడవు, వెడల్పు, మందం చెబితే బరువు నోటితో చెప్తాను. బరువు చుట్టూ వేసే ఏ స్లింగు పట్టీని ఏ కోణంలో కడితే ఎంత మోస్తుందో, ఎక్కడ సగం బలం పోతుందో, అదీ చెప్తాను. నా కింద పనిచేసేవాళ్లు వెనక నవ్వుకుంటారని తెలుసు. టీ తాగేటప్పుడు గ్లాసు కూడా తూచి పట్టుకుంటానంటారు.

గోడ ఎక్కడానికి వాళ్లు కొన్న తాడు కొత్తది. ఎత్తు భవనాల అద్దాలు తుడిచేవాళ్లు వాడే రకం, ఎక్కువ సాగని నైలాను తాడు. దానితో వచ్చిన కాగితం తెప్పించి చూశాను. తెగే బరువు మూడు టన్నులకు కాస్త తక్కువ. మా అమ్మాయి యాభై కిలోలు లేదు. భాగిస్తే దాదాపు అరవై రెట్లు. మా షెడ్డులో ఆరేడు రెట్లుంటే నిశ్చింతగా ఇంటికొస్తాం.

"నాలుగు బర్రెలను కట్టి యేలాడదీసినా తెగది అది," అని నా భార్యతో అన్నాను. "నీ బిడ్డ బరువు ఆ తాడుకు తెల్వనే తెల్వదు."

"తాడుకు తెల్వకుంటే మానె. నీకు తెల్వాలె," అంది ఆమె. "సరే, ఎక్కనియ్యి. గని నువ్వు కిందుండాలె. నువ్వు లేకుండ ఒక్క అడుగు గూడ పైకి పోవద్దు."

ఆ షరతు మీద ఒప్పుకుంది.

గోడ ఎక్కే పద్ధతి కష్టమైనదేమీ కాదు. వెనకవైపు నుంచి గుట్ట మీదికి నడిచే బాట ఉంది. ముందు ఒకరు అలా పైకి పోయి, పెద్ద బండకు పట్టీ చుట్టి, దానికి హుక్కు వేసి, తాడును ఆ హుక్కులోంచి దూర్చి రెండు కొసలూ కిందికి వదుల్తారు. ఎక్కే మనిషి ఒక కొసను నడుము బెల్టుకు ముడేసుకుంటుంది. రెండో వైపు కింద ఉన్నవాళ్లు పట్టుకుని, ఆమె పైకి పోయిన కొద్దీ వదులు లాగేస్తుంటారు. చేయి జారితే తాడు ఆపుతుంది. పైకి చేరాక తాడు మీద వెనక్కి వాలి కూర్చుంటే, కిందివాళ్లు మెల్లగా దించుతారు. బరువు మొత్తం తాడు మీద పడేది అప్పుడే.

వాళ్ల పద్ధతికి నేను మా షెడ్డు పద్ధతి ఒకటి కలిపాను. మా దగ్గర ఎంత చిన్న బరువైనా, ఎంత తొందరైనా, ముందు జానెడు లేపి ఆపుతాం. క్రేను ఆగుతుంది. అందరం కదలకుండా నిలబడి ముడులూ, స్లింగులూ, హుక్కూ చూస్తాం. ఏదన్నా జారాలంటే, తెగాలంటే అక్కడే జారాలి, అక్కడే తెగాలి. ఏమీ కాకపోతే అప్పుడు పైకి. క్వారీలోనూ అంతే. ఎక్కేముందు ప్రతి మనిషీ తాడు బిగించుకుని, కాళ్లు లేపి, నేలకు జానెడు ఎత్తున కాసేపు వేలాడాలి.

వాళ్లకు ఇదంతా నవ్వులాట. "నన్ను మోటరు లెక్క సూస్తడు మా డాడీ," అనేది మా అమ్మాయి. బామ్మర్ది అయితే వేలాడుతూ చేతులు జోడించి, "దేవుడా, ఈ జానెడు గండం గట్టెక్కియ్యి," అని దండం పెట్టేవాడు. నవ్వుకోనీ అనుకున్నాను. వేలాడేవాళ్లు, అది చాలు.

ఇక డ్రమ్ము సంగతి. మొదట్లో తాడును గోనెసంచిలో వేసి ఆ ఆఫీసు గదిలోనే పెట్టేవాళ్లం. ఎలుకలు సంచిని కొరికాయి. తాడును ముట్టలేదు కానీ అందరికీ భయం పట్టుకుంది. ఎండలు ముదరకముందే బామ్మర్ది ఒక నీలం డ్రమ్ము తెచ్చాడు.

ఈ డ్రమ్ములు మా వైపు లేని ఇల్లు లేదు. ఫ్యాక్టరీల్లో ఏవేవో మందునీళ్లు వచ్చే ప్లాస్టిక్ డ్రమ్ములు, ఖాళీ అయ్యాక బయటికొస్తాయి. కడిగి అమ్మేవాళ్లు ఒక బజారు నిండా ఉన్నారు. నీళ్లు పట్టుకోవడానికి, బియ్యం పోసుకోవడానికి, పెళ్లిళ్లలో మజ్జిగ కలపడానికి అవే. సగానికి కోసి గేదెలకు కుడితి పోసేది కూడా వాటిలోనే. ఇంటికి తెచ్చాక సబ్బుపొడి వేసి రుద్ది, ఎండలో బోర్లించి, మళ్లీ కడిగి, ఆఖర్న లోపల తల పెట్టి వాసన చూస్తాం. మా దగ్గర పరీక్ష అదొక్కటే. ముక్కుకు ఏమీ తగలకపోతే డ్రమ్ము ఇంట్లోకి వస్తుంది. మా అత్తగారు చేసేది అదే. ఆమె కొడుకూ అదే చేశాడు.

"ముక్కు పెట్టి సూడు బావా," అన్నాడు నాతో. "పెండ్లికి మజ్జిగ పోయొచ్చు దీంట్ల."

తల పెట్టి చూశాను. సబ్బుపొడి వాసన తప్ప ఏమీ లేదు. పొడిగా, శుభ్రంగా ఉంది. మూత చుట్టూ ఇనుప పట్టీ, దానికి బిగించే పిడి, తాళం వేసుకునే చోటు కూడా ఉన్నాయి. ఎలుక కాదు, చీమ కూడా దూరదనుకున్నాను. తాడును చుట్టలు చుట్టలుగా అందులో వేసి, హుక్కులు, బెల్టులు మేకులకు తగిలించి, గదికి తాళం వేశాం. ఆ తర్వాత ఎండలు. ఆ రోజుల్లో ఆ రాయి పెనంలా కాలుతుంది, చేయి పెట్టలేం. ఎండాకాలం అయిపోయేదాకా ఎవరూ అటు పోలేదు.

వానలు పడి గుట్ట చల్లబడ్డాక మొదటి ఆదివారం పోదామనుకున్నాం. ఆ పొద్దున ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోను. ఒక పెద్ద ట్యాంకును లారీ ఎక్కించాలి, నేను ఉండాలి. "మీరు పోండ్రి. నేనొచ్చేదాక మాత్రం ఎక్కొద్దు," అని చెప్పి వాళ్లను పంపించాను. ట్యాంకును జానెడు లేపి ఆపి, చూసి, ఎక్కించి, చేతులు కడుక్కుని బండి మీద బయల్దేరాను. మబ్బు పట్టి ఉంది. గాలి హాయిగా ఉంది. ఆకలేస్తోంది. దారిలో మిర్చిబజ్జీలు పొట్లం కట్టించుకున్నాను.

క్వారీలో బండి ఆపి హెల్మెట్ తీసేసరికి మా అమ్మాయి గోడ మీద ఉంది. సగం దాటి, పైభాగానికి దగ్గర్లో.

ఎక్కొద్దన్నాను కదా అని అరవబోయి నోరు మూసుకున్నాను. గోడ మీద ఉన్న మనిషిని కిందినుంచి ఉలిక్కిపడేలా పిలవకూడదు. బరువు గాలిలో ఉండగా మేము క్రేను డ్రైవర్‌ను కూడా పలకరించం. కింద బామ్మర్ది తాడు పట్టుకుని తల పైకెత్తి ఉన్నాడు. పక్కన భాయ్ బండ మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. చప్పుడు చేయకుండా వెళ్లి వాళ్ల వెనక నిలబడ్డాను.

ఆమె బాగా ఎక్కుతోంది. డ్రిల్లు గాటులో వేళ్లు దూర్చి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, తొందర లేకుండా. గాటు ఆగిపోయి గోడ కాస్త ఉబ్బుగా వచ్చేచోట ఎడమ కాలు జారింది. అరికాలు రాతిని గీరిన చప్పుడు కిందిదాకా వినిపించింది. శరీరం ఒక పక్కకు తిరిగి, కుడిచేతి మీద ఆగింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. అంతలోనే, తాడుందిగా అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

బామ్మర్ది ఊరుకోలేదు. "ఏమే కోడలా, చేతులు గుంజుతున్నయా? దింపమంటవా? మీ డాడీ గూడ వచ్చిండు సూడు. దిగు దిగు, ఇంటికి పోయి మీ అమ్మతోని పప్పు రుబ్బుకుందువు!"

"నోరు మూస్కో మామా!" అని పైనుంచి అరుపు. తర్వాత ఎడమ కాలు ఎక్కడో ఆనింది. ఒక చేయి, ఇంకో చేయి. మోకాలు అంచు మీదికి. ఆమె పైకెక్కి కూర్చుంది.

భాయ్ చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. గోడ మీద ఉన్న మనిషిని ఎగతాళి చేయడం ఏమిటని బామ్మర్దిని గట్టిగా అడగాలనుకుంటున్నాను. మాట పెదవి దాకా వచ్చింది. అంతలో పైనుంచి, "మామా, పట్టుకో. వస్తున్న!" అంది. లేచి, అంచుకు వీపు పెట్టి, వెనక్కి వాలబోతోంది.

"ఆగు!" అన్నాను. ఎందుకన్నానో చెప్పగలను. వాళ్ల ముఖాలు చూశాను. ఆడుతూ పాడుతూ ఏదో దాటేసిన ముఖాలు అవి. "ఇయ్యాల యేలాడి సూసిండ్రా?" అని బామ్మర్దిని అడిగాను.

వాడు పక్కకు చూశాడు. "మబ్బు మీదున్నది బావా. వాన వస్తే ఇగ కాదని జల్దీ ఎక్కించిన."

"అయితే దించొద్దు. విప్పుకోని, ఎనుక బాట నుంచి నడిసి రమ్మను."

"ఎక్కినంక ఇంకేం పరీక్ష బావా? ఇస్త్రీ చేసిన బట్టకు మళ్ల ఉతుకుడా?"

"ఎక్కేటప్పుడు బరువు ఆమెది ఆమెనే మోసింది. దిగేటప్పుడు తాడు మోస్తది. రెండూ ఒకటి కాదు."

పైనుంచి, "ఏందట?" అని కేక. బామ్మర్ది చేతులు చాపి నన్ను చూపించాడు. పైనుంచి ఆమె అన్నది గాలికి సరిగా వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది. ముడి విప్పుకుని, కొసను కిందికి విసిరింది. తాడు ఆ కొసన బరువు లేక మెలికలు తిరుగుతూ గోడ మీద కాసేపు ఊగింది. నేను మిర్చిబజ్జీల పొట్లం బండ మీద పెట్టాను. కావాలంటే మూడు నిమిషాల్లో నడిచి రావచ్చు. ఆమె కోపం కొద్దీ బాగా ఎక్కువ సేపు తీసుకుని వచ్చింది.

వస్తూనే బెల్టు విప్పి నా కాళ్ల దగ్గర పడేసింది. ముఖం ఎర్రబడి ఉంది. "మొదటిసారి మధ్యల ఆగకుండ ఎక్కిన డాడీ. ఒక్క మాట మంచిగ అనొచ్చు గద. నీకు తాడే కనపడ్తది. నేను యేలాడ. నువ్వే యేలాడు."

"అరే, బావసాబ్‌ను యేలాడదీస్తే పైనున్న బండనే కిందికొస్తది," అన్నాడు భాయ్.

సరే, నేనే వేలాడతానన్నాను. ఎనభై కిలోల మనిషిని. బెల్టు బిగించుకుని, ఆమె విప్పి విసిరిన ఆ కొసనే తీసుకుని ముడేశాను. కొస కాస్త బిరుసుగా ఉంది, రంగు కూడా కొద్దిగా గోధుమ రంగు తిరిగింది. క్వారీ దుమ్మనుకున్నాను. కింద ఉన్న ఒక రాయి మీదికి ఎక్కాను. బామ్మర్దీ, భాయ్ ఇద్దరూ కలిసి రెండో వైపు బిగించి పట్టారు. బెల్టు నడుముకు పట్టింది. కాళ్లు లేపాను.

ఒకటి, రెండు లెక్కపెట్టేంత సేపు ఆగిందేమో. ఆ తర్వాత నేల మీద కూర్చుని ఉన్నాను.

చప్పుడంటూ పెద్దగా రాలేదు. సుద్దముక్క విరిగినట్టు చిన్న పొడి చప్పుడు. అంతే. తాడు రెండో వైపు లాగుతున్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు వెనక్కి పడ్డారు.

ముందు నవ్వారు. అందరూ నవ్వారు. కిందపడ్డ వాళ్లిద్దరూ లేవకుండానే నవ్వారు. "బావసాబ్, తాడు గూడ నీ పరీక్షలకు యాష్టకొచ్చి రాజీనామా ఇచ్చింది!" అన్నాడు భాయ్. "బిర్యానీ తగ్గియ్యి బావా," అన్నాడు బామ్మర్ది. మా అమ్మాయి కోపమంతా పోయి, పొట్ట పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాననే జ్ఞాపకం. అంత లావు మనిషి మట్టిలో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

నవ్వుతూనే నడుము దగ్గర ముడి చూసుకున్నాను. ముడి చెక్కుచెదరలేదు. ముడికి పైన బెత్తెడు తాడు ఉంది. ఆ తర్వాత లేదు. తెగిన చోట నైలాను పోగులు పీచులుగా లాగినట్టు ఉండాలి. తెగిన స్లింగులు నేను బోలెడు చూశాను. ఇది అలా లేదు. లోపలి పోగులు పొట్టిగా, గోధుమ రంగులో, కాలిన వత్తిలా ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే పొడి రాలింది.

తల పైకెత్తాను. గోడ అక్కడే ఉంది. ఆమె కూర్చున్న అంచు, కాలు జారిన ఉబ్బు, కింద పరిచినట్టున్న పగిలిన రాళ్లు. అప్పుడు నవ్వు ఎవరిదో ముందు ఆగింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరిది. మా అమ్మాయి కూడా పైకి చూస్తోంది. నోరు ఇంకా నవ్వుతున్నట్టే తెరుచుకుని ఉంది, చప్పుడు మాత్రం లేదు.

ముడి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఇన్నేళ్లుగా అంకె కనిపిస్తే చాలు మనసు దానంతటదే భాగిస్తుంది, హెచ్చిస్తుంది. ఆ రోజు ఏదీ కదల్లేదు. మూడు టన్నులు, అరవై రెట్లు, నాలుగు బర్రెలు. నా మాటలే నాకు ఎవరో అంటున్నట్టు వినపడ్డాయి. ఆ అరవై రెట్లు అంగడిలో ఉన్న తాడువి. ఆమె నడుముకు ఉన్న తాడువి కావు.

"ఇట్లెట్లయితది?" అంటున్నాడు బామ్మర్ది. "కొత్త తాడు. ఎట్లయితది ఇట్ల?" అదే మాట మళ్లీ మళ్లీ.

మిగతా తాడును పరీక్షించాం. నేనూ భాయ్ కలిసి బండకు చుట్టి, వెనక్కి వాలి లాగాం. చెక్కుచెదరలేదు. మధ్యలో, అవతలి కొసన, ఎక్కడ లాగినా ఉక్కులా ఉంది. చెడింది ఒక్క కొస మాత్రమే. నాలుగు బారలు. ఎక్కే మనిషి ముడేసుకునే కొస.

"గరుగ్గున్నదని నేను చెప్పిన గద మామా," అంది మా అమ్మాయి, చిన్న గొంతుతో.

"దుమ్మనుకున్న బిడ్డా. తడిపి తుడుద్దామనుకున్న."

భాయ్ ఆ తెగిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లేచి ఆఫీసు గదిలోకి పోయాడు. మేమూ వెనక పోయాం. డ్రమ్ము లోపల చేయి పెట్టి చూశాడు. పొడిగానే ఉంది. తర్వాత మూతను తిరగేశాడు. మూత లోపలివైపు చుట్టూ ఒక గాడి, గాడిలో నల్లని రబ్బరు వాషరు. బండి తాళంచెవి కొస దూర్చి దాన్ని పైకి లేపాడు. వాషరు కింద తడి ఉంది. నూనెలా చిక్కగా, పసుపుపచ్చగా.

"ముట్టకండ్రి," అన్నాడు.

తాళంచెవి కొసకు అంటిన చుక్కను సున్నపు గోడకు రాశాడు. గోడ మీద ఆ చుక్క సన్నగా బుసబుసమంటూ నురగలు కక్కింది. అందరం అది చల్లారేదాకా చూస్తూ నిలబడ్డాం.

"యాసిడ్‌ది," అన్నాడు భాయ్. "యా అల్లా. మనం రోజూ చేతులేసే సామానే."

బామ్మర్ది డ్రమ్మును మూడుసార్లు కడిగాడు. ఎండబెట్టాడు. వాసన చూశాడు. నేనూ చూశాను. మూతను ఎవరూ కడగలేదు. మూత పొడిగానే ఉంది కదా. వాషరు తీసి దాని కింద చూడాలని మా బజారులో ఎవరికీ ఎప్పుడూ తట్టదు. నీళ్లకు, బియ్యానికి మూత అంతగా బిగించం కూడా. మేము మాత్రం ఎలుకల భయానికి బిగించి, తాళం వేసి, రేకుల కింద ఎండాకాలమంతా ఉడకబెట్టాం. ఆ మిగిలిన తడి లోపలికి దిగి, అన్నిటికన్నా పైనున్న చుట్టను తిన్నది. తాడు చుట్టేటప్పుడు భాయ్ ఎప్పుడూ కిందివాళ్లు పట్టే కొసతో మొదలుపెడతాడు. ఎక్కే కొస ఆఖర్న వస్తుంది. మళ్లీ తీసినప్పుడు ముందు చేతికందాలని.

బామ్మర్ది మూతను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో చేతులకు తొడుగులు లేనిదే వాల్వు ముట్టడు వాడు. "నేనే తెచ్చిన," అన్నాడు. "నేనే కడిగిన బావా." తర్వాత గోడకు ఆనుకుని జారి కింద కూర్చున్నాడు.

బయటికొచ్చాం. వాన తుంపర మొదలైంది. ఎవరూ లోపలికి పోలేదు. మిర్చిబజ్జీల పొట్లం బండ మీద తడుస్తోంది. మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరం గోడనే చూశాం.

"డాడీ," అంది. "ఆడ కాలు జారింది, సూసినవా?"

"సూసిన."

"గప్పుడు ఇడిసిపెడదామనుకున్న."

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు చూడకుండా చెప్తోంది.

"రెండు వేళ్లే ఆగినయి. మస్తు నొప్పి లేసింది. ఏమున్నది, తాడున్నది గద, ఒకసారి కూసుందాం, జెర రెస్టు తీస్కోని మళ్ల ఎక్కుదాం అనుకున్న. మామా పట్టుకో అందామని నోరు తెరిసిన. గప్పుడే మామ పప్పు రుబ్బుకోమన్నడు. కోపమొచ్చింది. కాలు పెట్టిన."

బామ్మర్ది గది తలుపు దగ్గరికి ఎప్పుడు వచ్చాడో తెలియదు. అక్కడే నిలబడి విన్నాడు. నేను వాణ్ణి అనాలనుకుని, పెదవి దాకా తెచ్చుకున్న మాట ఇంకా నా నోట్లోనే ఉంది. అది అప్పుడు ఎటు పోయిందో నాకు తెలియదు. వాడి వైపు చూడలేకపోయాను. వాడూ నా వైపు చూడలేదు. భాయ్ లేచి వెళ్లి వాడి భుజం మీద చేయి వేశాడు.

"మీ అమ్మకు..." అని మొదలుపెట్టాను.

"నేనే చెప్తా," అంది. "మొత్తం చెప్తా. నువ్వు పక్కన కూసో, సాలు."

చేయి చూపించమన్నాను. కుడిచేయి చాపింది. చూపుడువేలు, నడిమివేలు. రెండిటి కొసలూ తోలు లేచి, ఎర్రగా, ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. వాన చుక్కలు పడితే ముఖం చిట్లించింది. ఆ రెండు వేళ్లను నా అరచేతిలో పెట్టుకుని మరో చేయి పైన కప్పాను.

"నొస్తున్నదా?"

"ఇప్పుడు నొస్తున్నది," అంది. "గప్పుడు తెల్వలే."